పొద్దున లేచేసరికి దవడ పట్టేస్తోంది, రాత్రి పళ్ళు కొరుకుతున్నానట. రూట్ కెనాల్ చేయించుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. వయసు 34, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఒక బ్యాంకులో ఉద్యోగం. జనవరి నుంచి పొద్దున లేచేసరికి కుడి దవడ బిగుసుకుపోయి ఉంటోంది. కణతల్లో నొప్పి, చెవిలో పోటు. ఈఎన్‌టీ డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. రాత్రుళ్ళు మీరు పళ్ళు కొరుకుతుంటే "రుబ్బురోలు తిప్పినట్టుంది" అంటూ మీ ఆయన హాల్లోకి వెళ్ళి పడుకుంటున్నారు. ఒక చోట కుడివైపు కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయాలన్నారు, ఇంకో చోట బోటాక్స్ ఇంజెక్షన్ అన్నారు, మీ ఆడపడుచు రాత్రి పళ్ళకి తొడుక్కునే రబ్బరు గార్డు ఆన్‌లైన్‌లో కొనుక్కోమంది. ఇది టెన్షన్ వల్లేనా, ఈ మూడింటిలో ఏది చేయించుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పటికిప్పుడు ఈ మూడూ వద్దు. మీరు రాసినదాన్ని బట్టి ఈ నొప్పి పంటిది కాదు, దవడని నడిపే కండరాలది అనిపిస్తోంది. మూడు నాలుగు వారాలు కింద రాసిన ఇంటి పద్ధతి శ్రద్ధగా చేయండి. దాంతోపాటు మీ పళ్ళ అచ్చు తీసి చేసే గట్టి నైట్ గార్డ్ ఒకటి చేయించుకోండి. రూట్ కెనాల్ అంటారా, పన్ను లోపలి నరం పాడైందని పరీక్షలో తేలాకే. నోరు చూడకుండా రాస్తున్నాను కాబట్టి, వెంటనే పరిగెత్తాల్సిన సందర్భాలేవో కూడా కింద రాశాను. అది మాత్రం దాటేయకుండా చదవండి.

నేను కంచరపాలెంలో 22 ఏళ్ళుగా దంత వైద్యం చేస్తున్నాను. పోర్టులో పనిచేసేవాళ్ళు, స్టీల్ ప్లాంట్ షిఫ్టులవాళ్ళు, రుషికొండ వైపు ఐటీ పిల్లలు, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు, అందరూ వస్తారు. దవడ నొప్పితో వచ్చేవాళ్ళలో సగం మంది ముందు చెవి డాక్టరు దగ్గరికో, తలనొప్పికి మాత్రల షాపుకో వెళ్ళి వస్తారు. వాళ్ళ తప్పేం లేదు. దవడ కీలు చెవికి సరిగ్గా ముందు ఉంటుంది. చూపుడువేలు చెవి ముందు ఆనించి నోరు తెరిచి మూయండి, వేలి కింద కదులుతూ తగులుతుంది. అక్కడ నొప్పి పుడితే చెవి నొప్పి అనుకోవడంలో వింతేముంది?

ఇప్పుడు బుగ్గ మీద, దవడ మూల దగ్గర, నాలుగు వేళ్ళు ఆనించి పళ్ళు గట్టిగా బిగించండి. చర్మం కింద ఒక ముద్ద ఉబ్బుతుంది. అది నమిలే కండరం. అలాగే కణతల మీద వేళ్ళు పెట్టి బిగించండి, అక్కడా ఒకటి కదులుతుంది. పళ్ళు కొరికేవాళ్ళకి పొద్దున కణతలు లాగడానికి కారణం ఈ రెండోది. రాత్రంతా బరువు మోసిన భుజం పొద్దున ఎలా ఉంటుందో ఈ కండరాలూ అలాగే ఉంటాయి.

పళ్ళకి పని భోజనం దగ్గరే. ఈ ఒక్క మాట చాలామందికి కొత్త. పెదాలు మూసుకుని ఊరికే కూర్చున్నప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ తాకకూడదు, మధ్యలో 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నమలడం, మింగడం అన్నీ కలిపినా రోజు మొత్తంలో పళ్ళు ఒకదానికొకటి తాకే సమయం సుమారు 20 నిమిషాలే. మా దగ్గరికి వచ్చేవాళ్ళని "ఇప్పుడు మీ పళ్ళు తాకుతున్నాయా?" అని అడిగితే చాలామంది "తాకుతున్నాయి, తాకాలి కదా?" అంటారు. అక్కర్లేదు. ఇది చదువుతున్న మీవి కూడా ఈ క్షణంలో తాకుతూ ఉండి ఉంటాయి. వదిలేయండి.

ఇక టెన్షన్ సంగతి. ఔను, కాదు, రెండూ. పళ్ళు కొరకడం రెండు రకాలు, రెంటినీ కలిపేయడం వల్లే గందరగోళమంతా.

మొదటిది మెలకువలో బిగించడం. ఇందులో చప్పుడు ఉండదు. స్క్రీన్ చూస్తూ, బండి నడుపుతూ, కస్టమరు అరుస్తుంటే నోరు మూసుకుని వింటూ బిగిస్తాం. దీనికీ మనసులోని ఒత్తిడికీ సంబంధం గట్టిదే. మన భాషకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు, లేకపోతే కష్టాన్ని "పంటి బిగువున" భరించిందని ఎందుకంటాం? రెండోది నిద్రలో కొరకడం. పెద్దవాళ్ళలో వందకి 8 నుంచి 10 మందిలో ఇది ఉంటుంది. నిద్ర పలచబడినప్పుడు మెదడు క్షణకాలం సగం మేలుకుంటుంది, గుండె కాస్త వేగం పెంచుకుంటుంది, ఆ వెంటనే దవడ కండరాలు పని మొదలుపెడతాయి. వరస అదీ. అంటే దీన్ని మొదలుపెట్టేది మెదడు, పళ్ళు కాదు. ఇందులో ఒత్తిడి పాత్ర ఉంది కానీ అదొక్కటే కాదు. వంశంలో ఉండటం, సాయంత్రం కాఫీలు, సిగరెట్, మందు, గురక, కొన్ని మాత్రలు, అన్నీ చెయ్యి వేస్తాయి. ఏ టెన్షనూ లేని మనిషి రాత్రంతా కొరకవచ్చు, టెన్షన్‌తో నలిగిపోతున్న మనిషి అస్సలు కొరక్కపోవచ్చు.

మీది ఏ రకమో తేల్చుకోవడానికి నేను అడిగే మొదటి ప్రశ్న, నొప్పి ఏ పూట ఎక్కువ? లేవగానే ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి సర్దుకుంటే రాత్రి కొరుకుడు. పొద్దున బాగానే ఉండి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి బుగ్గలు బరువెక్కితే పగటి బిగింపు. మీకు పొద్దున ఎక్కువ అన్నారు. కానీ మార్చి క్లోజింగ్ దగ్గరపడే కొద్దీ సాయంత్రం కూడా వస్తోందని చివర్లో ఒక ముక్క రాశారు చూశారా, అది ముఖ్యం. నా అంచనా మీకు రెండూ ఉన్నాయి. ఇది మంచి వార్తే, ఎందుకంటే పగటిది మీ చేతిలో ఉంది.

దీని గురించి ఇంత గట్టిగా మాట్లాడటానికి నా సొంత కారణం ఒకటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. క్లినిక్ అద్దాలు పోయాయి, కుర్చీ తడిసింది, ఎక్స్‌రే మెషిన్ పనిచేస్తుందో లేదో చూడటానికి కరెంటే లేదు. నాలుగో రోజో ఐదో రోజో ట్యాంకర్ దగ్గర బిందెలతో వరసలో నిలబడి ఉన్నాను. మా అత్తగారు నా మొహం చూసి, "ఏటమ్మా, ఎవరి మీద అంత కోపం? దవడ అలా బిగించేసినావు" అన్నారు. నాకు ఎవరి మీదా కోపం లేదు. కానీ ఆ మాటతో నోరు వదులు చేద్దామని చూస్తే రెండు బుగ్గలూ పుళ్ళలా సలిపాయి. రోజుకి పదిమందికి చెప్పే మనిషిని, నా దవడ నాకు తెలియలేదు. ఆ తర్వాత నెల రోజులు చేతి గడియారం అద్దం మీద ఎర్ర బొట్టుబిళ్ళ అతికించుకుని తిరిగాను.

ఆ బొట్టుబిళ్ళే మీకు మొదటి మందు.

పగటి పద్ధతి. చిన్న ఎర్ర స్టిక్కర్లు ఐదారు తీసుకుని మీ కంప్యూటర్ మానిటర్ మూలన, క్యాష్ డ్రాయర్ మీద, స్కూటీ స్పీడోమీటర్ పక్కన, ఫోన్ వెనక, వంటింట్లో పొయ్యి ఎదురు గోడ మీద అతికించండి. కన్ను పడ్డప్పుడల్లా ఒకటే ప్రశ్న: పళ్ళు తాకుతున్నాయా? తాకుతుంటే పెదాలు మూసే ఉంచి పళ్ళు మాత్రం విడదీయండి. నాలుక ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బంది పడతారు కొందరు. "న" అనబోయి ఆగిపోండి. నాలుక కొస పై పళ్ళ వెనకాల చిగురుకి మెత్తగా ఆనుతుంది, దవడ దానంతటదే కిందకి జారుతుంది. అక్కడే ఉండనివ్వండి. నాలుకతో పళ్ళని నెట్టకండి, అది ఇంకో అలవాటై కూర్చుంటుంది. ఆపైన ముక్కుతో ఒక దీర్ఘ శ్వాస తీసుకుని భుజాలు దించండి. పది సెకన్ల పని. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర మీరు రోజూ ఆగే సమయంలో ఎన్నిసార్లు చేయొచ్చో లెక్కేసుకోండి.

మొదటి రెండు రోజులూ విసుగొస్తుంది, ఎందుకంటే చూసినప్పుడల్లా పళ్ళు బిగిసే ఉంటాయి. అది ఓడిపోవడం కాదు. అంతకుముందు కూడా బిగిసే ఉన్నాయి, ఇప్పుడు పట్టుబడుతున్నాయి, అంతే. పోర్టులో క్రేన్ నడిపే ఒకాయన లివర్ మీద స్టిక్కర్ పెట్టుకున్నాడు. మూడో వారం వచ్చి, "మేడమ్, కంటైనర్ దింపేటప్పుడు మాత్రమే బిగిస్తున్నాను, ఎత్తేటప్పుడు కాదు" అన్నాడు. ఎక్కడ బిగిస్తున్నాడో పట్టుకున్నాక ఆయనకి మందులు రాయాల్సిన పని పడలేదు. మీరూ వారం తర్వాత ఒక కాగితం మీద రాసుకోండి, ఏ పని చేసేటప్పుడు, ఎవరు మాట్లాడేటప్పుడు. ఫోన్‌ని భుజానికీ చెంపకీ మధ్య ఇరికించి టైప్ చేసే అలవాటు బ్యాంకువాళ్ళలో చాలామందికి ఉంటుంది. అది మానేయండి. గడ్డం కింద చెయ్యి పెట్టుకు కూర్చోవడం, గోళ్ళు, పెన్ను మూతలు కొరకడం, ఇవీ.

కాపడం, తిండి. తువాలు గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి, రెండు బుగ్గల మీద, కణతల మీద 15 నిమిషాలు, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. చర్మం కాలేంత వేడి వద్దు. కాపడం తర్వాత ఇందాక చెప్పిన ముద్ద మీద వేలి కొసలతో నెమ్మదిగా గుండ్రంగా రుద్దండి, నోరు కాస్త వదులుగా ఉంచి. గట్టిగా పిసికితే మర్నాడు ఎక్కువవుతుంది. తిండి మూడు వారాలు మెత్తగా ఉండాలి. ఇడ్లీ, పప్పన్నం, పెరుగన్నం, చోడి (రాగి) అంబలి, బాగా ఉడికిన కూర. తేగలు, చెరకు, బెల్లం జీడి, జంతికలు, బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఎముక కొరికే మటన్, వీటికి సెలవు. అన్నట్టు ఒకవైపే నమిలి రెండో వైపుకి విశ్రాంతి ఇవ్వాలనుకోకండి, ఆ రెండో కీలు మీద బరువు పడుతుంది. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి సగం తెరవండి.

ఇక్కడ చిన్న పక్కదారి. ఈమధ్య కుర్రాళ్ళు దవడ కోణం అందంగా రావాలని గట్టి రబ్బరు ముక్కలు, గంటల తరబడి చూయింగ్ గమ్ నములుతున్నారు. గత ఏడాది అలా నోరు సగమే తెరుచుకునే స్థితిలో ఇద్దరు వచ్చారు. కండరం పెరిగితే మొహం చదరంగా అవుతుంది, నొప్పి అదనం. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే చెప్పండి.

నొప్పి మాత్రల గురించి ఎక్కువ చెప్పను. నొప్పి బాగా ఉన్న మూడు నాలుగు రోజులు డాక్టరు చెప్పినవి వాడొచ్చు. గ్యాస్ట్రిక్ అల్సర్, కిడ్నీ సమస్య, గర్భం, బీపీ మందులు ఉంటే షాపులో అడిగి తెచ్చుకోవద్దు. నెలల తరబడి మింగడం మాత్రం అస్సలు వద్దు. రోజూ మాత్ర వేసుకుంటే తలనొప్పి తగ్గకపోగా ఆ మాత్ర వల్లే తలనొప్పి అలవాటుగా వచ్చే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నైట్ గార్డ్. దీని మీద అపోహలు ఎక్కువ. గార్డు పళ్ళు కొరకడాన్ని ఆపదు. పళ్ళు అరగకుండా, విరగకుండా, పాత సిమెంటులూ క్యాపులూ ఊడకుండా కాపాడుతుంది. హెల్మెట్ పెట్టుకుంటే యాక్సిడెంట్ ఆగదు కదా, తల దక్కుతుంది, ఇదీ అంతే. కొందరికి నొప్పి కూడా బాగా తగ్గుతుంది, కొందరికి కొద్దిగానే. పళ్ళ అచ్చు తీసి, గట్టి అక్రిలిక్‌తో, ఒక దవడలోని పళ్ళన్నిటినీ కప్పేలా చేసి, నోట్లో పెట్టి ఎదుటి పళ్ళు అన్నీ సమానంగా తాకేలా సరిచేయాలి. ఆ సరిచేయడంలోనే ఉంది పనంతా. చేతికిచ్చి "వేసుకోండి" అని పంపేస్తే ఆ గార్డు డబ్బాలోనే ఉంటుంది. వేసుకున్న వారం పది రోజుల తర్వాత ఒకసారి, ఆపైన ఆరు నెలలకోసారి చూపించాలి.

మీ ఆడపడుచు చెప్పిన రబ్బరు గార్డు, వేడినీళ్ళలో ముంచి కొరికి ఆకారం తెచ్చుకునేది, కొద్ది రోజులకి తాత్కాలికంగా పర్వాలేదు. కానీ మెత్తటి వస్తువు నోట్లో పెడితే కొందరు దాన్ని నములుతారు, నిద్రలో కూడా. ఒక కోచింగ్ పిల్లాడు రెండు నెలల్లో మూడు కొని మూడూ చీల్చేశాడు, దవడ నొప్పి ముందుకంటే పెరిగింది. ముందు పళ్ళ మీద మాత్రమే కూర్చునే చిన్న గార్డులు కూడా ఉన్నాయి. వాటిని ఎక్కువ కాలం వాడితే వెనక పళ్ళు స్థానం మారి, మూసినప్పుడు ముందు పళ్ళు కలవకుండా పోయే ప్రమాదం ఉంది. నేను వాడను.

డబ్బు ఇబ్బంది అయితే డెంటల్ కాలేజీలకి వెళ్ళండి. రుషికొండలో గీతం, సంగివలసలో అనిల్ నీరుకొండ ఉన్నాయి. విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, రెండు మూడుసార్లు తిరగాలి, ఖర్చు మాత్రం తగ్గుతుంది. నా దృష్టిలో కంగారుగా చేసే ప్రైవేటు గార్డుకంటే అక్కడ తీరిగ్గా చేసేది మేలు.

రూట్ కెనాల్ మాట. ఎక్స్‌రే శుభ్రంగా ఉందని మీరే రాశారు. కండరం నొప్పి పంట్లో ఉన్నట్టు అనిపించడం మామూలే. నమిలే కండరంలో ఒక గడ్డలాంటి చోట నొక్కితే కింది దవడ పన్ను లాగినట్టుంటుంది, మనిషి ఆ పన్నే చూపిస్తాడు. కాబట్టి మళ్ళీ వెళ్ళినప్పుడు మూడు పరీక్షలు అడగండి. ఒకటి, చల్లదనం పరీక్ష. చల్లటిది తగిలాక జివ్వుమనడం రెండు మూడు సెకన్లలో పోతే నరం బాగానే ఉన్నట్టు, అర నిమిషం దాటి సలుపుతూనే ఉంటే అనుమానించాలి. రెండోది, పన్ను మీద మెల్లగా తట్టి చూడటం. మూడోది, ఒక్కో మొనమీద విడిగా పుల్ల పెట్టి కొరికించడం. కొరికినప్పుడు కాక వదిలినప్పుడు ఒక్కసారిగా పొడిచినట్టు వస్తే ఆ పన్నులో సన్నని బీట ఉండొచ్చు. పళ్ళు కొరికేవాళ్ళలో ఈ బీటలు వస్తాయి, ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించవు. బీట అని తేలితే దానికి క్యాపో మరొకటో వేరే దారి ఉంది. అప్పుడైనా ముందు బీట ఎంతవరకు దిగిందో చూసి నిర్ణయించాలి. మూడు పరీక్షలూ మామూలుగా ఉంటే ఆ పన్ను జోలికి ఎవరినీ పోనివ్వకండి.

అలాగే "మీ కొరుకు సరిగా లేదు, పళ్ళు కొద్దిగా అరగదీస్తే సరిపోతుంది" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. ఇది చెప్పే హక్కు నాకుంది, ఎందుకంటే ఆ పని నేనే చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మాకు అలాగే నేర్పారు, ఎత్తుగా తగిలే పన్నుని సరిచేస్తే కొరుకుడు ఆగుతుందని. ఒక టీచరుగారికి రంగు కాగితం పెట్టి కొరికించి, గుర్తుపడ్డ చోటల్లా కొద్దికొద్దిగా అరగదీశాను. మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి ఆవిడే వచ్చి, "డాక్టరుగారూ, ఇప్పుడు ఏ పన్ను మీద నోరు మూయాలో తెలియడం లేదు" అన్నారు. ఎనిమిది నెలలు పట్టింది ఆవిడ దవడ కుదుటపడటానికి. తీసిన ఎనామిల్ తిరిగి పెట్టలేను. ఆవిడ ఇప్పటికీ వస్తారు, ఏమీ అనరు, అందుకే ఇంకా బాధ.

బోటాక్స్ విషయానికొస్తే, అది మోసం కాదు. కండరానికి సూదితో వేస్తే దాని బలం తగ్గుతుంది, మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. కొరకడం ఆగదు, కొరికే శక్తి తగ్గుతుంది. మిగతావన్నీ సరిగ్గా చేసినా తగ్గనివాళ్ళకి, పళ్ళు విరగ్గొట్టుకుంటున్నవాళ్ళకి నేనూ పంపుతాను. మొదటి మెట్టుగా మాత్రం కాదు. నమలడం బలహీనపడుతుంది, నవ్వు తాత్కాలికంగా వంకరపోవచ్చు, ఖర్చు మళ్ళీ మళ్ళీ.

మీ ప్రశ్నలో లేని రెండు విషయాలు అడగాలి. గురక ఉందా? "రుబ్బురోలు" గురించి చెప్పిన మీ ఆయన్నే అడగండి, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడుతున్నారా అని. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసే ఒకాయనకి రెండు గార్డులు చేశాను, రెండూ అరిగిపోయాయి. మూడోదానికి వచ్చినప్పుడు కుర్చీలోనే నిద్రపోయాడు, గురక వరండాలోకి వినిపించింది. అప్పుడు తట్టింది నాకు, ముందే అడగాల్సింది. నిద్ర పరీక్షకి పంపితే శ్వాస ఆగే జబ్బు బయటపడింది. నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే సీపాప్ మెషిన్ పెట్టుకున్నాక మూడో గార్డు ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. గురక ఉన్నవాళ్ళలో కొందరికి పై దవడ గార్డు వల్ల శ్వాస ఇంకా ఇబ్బంది కావచ్చు కూడా, కాబట్టి గార్డు కంటే ముందు ఈ సంగతి తేలాలి.

రెండోది, ఏవైనా మాత్రలు కొత్తగా మొదలుపెట్టారా? డిప్రెషన్‌కి, ఆందోళనకి ఇచ్చే ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, వెన్లాఫాక్సిన్ లాంటివి కొందరిలో పళ్ళు బిగించడం తెస్తాయి, చాలామందిలో మొదటి కొన్ని వారాల్లోనే. అలా అయితే సొంతంగా ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ఇంకో బాధ. రాసిన డాక్టరుకి చెప్పండి, మోతాదో మాత్రో మార్చే వీలుంటుంది.

ఒత్తిడి గురించి నేను దంత డాక్టరుగా చెప్పగలిగేది తక్కువే. "టెన్షన్ పడకండి" అనడం ఎవరికీ ఉపయోగపడలేదు. రాత్రి పదింటికి లాప్‌టాప్ మూయడం, సాయంత్రం ఐదు తర్వాత కాఫీ టీ మానడం, పడుకునే ముందు కాపడం, ఈ మూడూ మీ చేతిలో ఉన్నవి. నిద్ర పట్టక, గుండె దడగా, ఏడుపొచ్చినట్టు ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. ఈ మాట ఎత్తగానే మా దగ్గర చాలామంది "చినవాల్తేరు పంపిస్తారా మేడమ్?" అని నవ్వుతారు. పంపిస్తాను, అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీకి వెళ్ళి గంటలో తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. వెళ్ళడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇలా ఉంటే మాత్రం ఆగకండి. మెట్లెక్కుతుంటే, నడుస్తుంటే దవడ నొప్పి వచ్చి నిలబడితే తగ్గడం, ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం తోడవడం గుండె సంగతి కావచ్చు. సింహాచలం మెట్ల మీద వచ్చే దవడ నొప్పికి దంత డాక్టరు పనికిరాడు, 108కి ఫోన్ చేయండి. వాపు, జ్వరం, మింగడం కష్టం కావడం చీము లక్షణం. పెదవి, గడ్డం తిమ్మిరెక్కడం, కరెంటు షాక్ కొట్టినట్టు క్షణాల నొప్పి, 50 దాటినవాళ్ళలో కొత్తగా కణత నొప్పితో చూపు మసకబారడం, ఇవన్నీ వెంటనే చూపించాల్సినవే. నోరు కొద్దికొద్దిగా తెరుచుకోవడం తగ్గుతూ, కారం తగిలితే మంటగా ఉంటే, వక్కపొడి, గుట్కా, ఖైనీ అలవాటు ఉంటే అది కండరం కాదు, నోటి లోపలి పొర బిగుసుకుపోయే వేరే జబ్బు, క్యాన్సర్‌కి దారితీయగలదు. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే (చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చే) పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ అంగిలి కూడా ఒకసారి చూపించండి. వాళ్ళకి నొప్పి ఉండదు, అదే భయం.

నోరు తెరిస్తే "టక్" మని చప్పుడు వస్తోందని కూడా రాశారు. నొప్పి లేని చప్పుడుకి వైద్యం అక్కర్లేదు, ఎంతోమందికి ఉంటుంది. చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయి నోరు తెరుచుకోకపోతే మాత్రం ఆ రోజే రండి.

కింద ఇంకొకరు వాళ్ళ ఐదేళ్ళ పాప పళ్ళు కొరుకుతోంది, నులిపురుగులేనా అని అడిగారు. పురుగులకీ పళ్ళు కొరకడానికీ సంబంధం ఉన్నట్టు నమ్మదగ్గ ఆధారం లేదు. పిల్లల్లో ఇది చాలా మామూలు, ఎక్కువమందిలో పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. నోరు తెరిచి పడుకోవడం, గురక ఉంటే ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ అనే గడ్డలు పెరిగాయేమో చూపించండి. పిల్లలకి గార్డులు వద్దు, పళ్ళు మారుతూ ఉంటాయి.

మళ్ళీ మీ దగ్గరికి. గార్డు వచ్చాక మొదటి వారం నోట్లో నీళ్ళూరుతాయి, మధ్యరాత్రి తీసి ఎక్కడో పడేస్తారు, పర్వాలేదు, మళ్ళీ పెట్టుకోండి. మెత్తటి బ్రష్, సబ్బు, చల్లటి నీళ్ళతో కడగండి. వేడినీళ్ళు పోస్తే వంకరపోతుంది, ఎండలో పెట్టిన కారులో వదిలేసినా అంతే. ఇంట్లో కుక్క ఉంటే మూత ఉన్న డబ్బాలో, ఎత్తుగా పెట్టండి. లాలాజలం వాసనకి అవి గార్డుల్ని వదలవు, నాకు తెలిసి మూడు పోయాయి అలా.

ఈ రెండు చూసి ఇక్కడే రాయండి. రేపు లేవగానే, ఏమీ తినకముందు, మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మూడూ కలిపి నిలువుగా పై ముందు పళ్ళకీ కింది ముందు పళ్ళకీ మధ్య పడుతున్నాయా? రెండే పడుతున్నాయా? అలాగే రూట్ కెనాల్ చెప్పిన పన్ను మీద ఐస్‌వాటర్ ఒక గుక్క పట్టి ఉమ్మేస్తే, ఆ జివ్వుమనడం ఎన్ని సెకన్లు ఉంది? మూడు వేళ్ళు పట్టి, జివ్వు మూడు సెకన్లలో పోతే నేను పైన రాసిందే మొదలుపెట్టండి. రెండు వేళ్ళే పడితే ఈ వారంలోనే ఎవరికైనా చూపించండి, మార్చి 31 దాకా ఆగకండి.